ఎరుగని వాసన

మేడ్చల్,
ఫిబ్రవరి 9

మామా,

ముందు 'గౌరవనీయులైన' అని రాసి కొట్టేసిన. అబద్ధం నాకు రాదు.

నిన్ను ఆ మద్య విముక్తి కేంద్రంల వదిలొచ్చి నేటికి పదకొండు రోజులు. ఫోన్ ఇయ్యరట. ఉత్తరాలైతే అక్కడి జనార్ధన్ సార్ కవరు విప్పి చూసి ఇస్తడట. అందుకే ఈ కాగితం. జీపు ఎక్కించేటప్పుడు ఇద్దరు నీ రెట్టలు పట్టుకుంటే "నేనే నడుస్త, వదలుండ్రి" అన్నవు, గంతే. అమ్మ ఆ మాట యాది చేసుకొని ఏడుస్తున్నది. నేను ఏడుస్తలేను. బాపు గుడుంబ తాగి రక్తం కక్కుకొని పోయిననాడు నాకు తొమ్మిదేండ్లు. ఆనాడు నన్ను భుజాన ఎత్తుకున్నది నువ్వు. ఆ భుజానికే విస్కీ వాసన వస్తుంటే నేనెట్ల ఊకుంట?

ఇరవై ఆరేండ్లు విస్కీ కంపెనీల వాసన పట్టే కొలువు చేసినవు. సరుకు సీసాలకు ఎక్కేముందు ముక్కుతోటి చూసి సై అనేది నువ్వే. తాగి తప్పు చేసినవని వాళ్లు బయటికి పంపితే సిగ్గుపడాలె గదా! నువ్వేమో వారం వారం పట్నం పోయి, ఎక్కడా దొరకని విస్కీలు ఏ బార్ల దొరుకుతయో వెతికి వెతికి కూసున్నవు. కూలోళ్ల నెత్తురు పీల్చే దొరల సరదా నీకెందుకు?

ఇంకొకటి. వేరేవాళ్ల నోట వినొద్దని నేనే చెప్తున్న. నేను పనిచేసే ప్రెస్సులనే కరపత్రం వేసిన. 'మా ఇంటి తాగుబోతు బాలరాజును నేనే పంపించిన. మీ ఇంటి బాలరాజును మీరెప్పుడు పంపుతరు?' మేడ్చల్ బస్టాండుల, కండ్లకోయ కాలేజీ బస్సుల కాడ పంచిన. పేరెందుకు పెట్టినవని అమ్మ చెంప మీద కొట్టింది. పేరు లేని నిజం నిజమెట్ల అయితది? ఒక ప్రతి ఇందుల పెట్టిన.

ఆర్నెల్ల కాగితం మీద సంతకం నాది. నేను మళ్ల సంతకం పెడితే తప్ప నిన్ను వదలరు. మారి రా.

ఎల్లేష్


శామీర్‌పేట,
ఫిబ్రవరి 17

అల్లుడా,

నీ కరపత్రం చదివిన. మూడో లైన్ల 'బానిసత్వం'ల వత్తు పోయింది. ప్రెస్సుల పనిజేసేటోనివి, జర చూస్కోవద్దా? జనార్ధన్ సార్ దాన్ని అన్నం తినే హాలు గోడకు అంటిచ్చిండు. ఇగ ఇక్కడ నాకు మస్తు పేరు. "మీ ఇంటి బాలరాజూ, జర పప్పు ఇటు జరుపు" అంటున్నరు.

మంచిగనే ఉన్న. పొద్దుగాల లేపుతరు, ఉరికిస్తరు, పాట పాడిస్తరు. గాలి ఇటు తిరిగితే కోళ్లఫారాల కంపు వస్తది, అందరు ముక్కు మూసుకుంటరు. నేను గూడ మూసుకుంట.

నీతోని ఒక షరతు. మాత్రలు మింగుతలేనని సార్ నీకు ఫోన్ జేసే ఉంటడు. నువ్వు నా పని ఒకటి చేస్తే మింగుత. నా రేకు డబ్బాల నల్ల అట్ట నోటుబుక్కు ఉన్నది. అందుల బార్ల పేర్లున్నయి. సీసా దొరికినయి కొట్టేసిన. రెండు మిగిలినయి. ఆ బార్ల పక్కన ఏ సీసా అడగాలెనో రాసి ఉన్నది. దేశం మొత్తంల పదో ఇరవయ్యో ఉంటయి గసొంటి సీసాలు. కొన్నిటిని చేసిన బట్టీలే మూతబడ్డయి. పోయి అడుగు. తాగకు. వాసన చూడు. ఏమొచ్చిందో కడుపుల దాచకుండ రాయి.

తిట్టుకుంటనే పో, ఫరక్ లేదు. అక్కను ఏడ్వద్దని చెప్పు.

నీ మామ


మేడ్చల్,
మార్చి 4

మామా,

పోయిన. నీ కోసం కాదు. బార్లల్ల పనిచేసేటోళ్లు గూడ కార్మికులే, వాళ్లకు కరపత్రం ఎవ్వరు ఇస్తలేరు, అందుకు పోయిన.

బంజారాహిల్స్ హోటలు, తొమ్మిదో అంతస్తు. గేటు కాడాయన నా చెప్పులు చూసి "డెలివరీ ఎనకదిక్కు" అన్నడు. "తాగనీకి వచ్చిన" అన్న. ఈ నోటితోటి ఆ మాట అనాల్సి వస్తదనుకోలే. ఎండల నుంచి పోతే లోపల ముందు ఏం కనబడలే. తర్వాత గోడ నిండ సీసాలు, ఒక్కో దానికి కింది నుంచి దీపం. మనిషికి దిక్కులేదు గని సీసాకు దీపం! కౌంటర్ ఎనక ఒకామె ఉన్నది, అంగీ మీది బిల్లకు ఇషిత అని పేరు. నా ఈడే ఉంటది.

నోటుబుక్కు తీసి సీసా పేరు చదివిన. ఆమె నన్ను చూడలే, బుక్కును చూసింది.

"ఇది బాలరాజు అంకుల్‌ది గదా? ఈ సీసా వస్తే చెప్పుమన్నడు. వచ్చినంక ఎన్నిసార్లు ఫోన్ చేసిన, ఎత్తలే. ఆయనేడి?"

"విముక్తి కేంద్రంల ఉన్నడు."

"ఏమైంది?"

"తాగుడు."

ఆమె నవ్వింది మామా. "అంకులా? ఒక్క చుక్క నోట్ల పొయ్యడు. అర్ధగంట వాసన చూస్తడు, అరచేతికి రుద్దుకుంటడు, అంగీకి రుద్దుకుంటడు, గ్లాసు గట్లనే ఇడిసిపెట్టి పోతడు. మేం ఆయనకు పూజారి అని పేరు పెట్టినం."

గిరాకి తాగుబోతని ఏ దుకాణమోళ్లు ఒప్పుకుంటరు? నేను నమ్మలే. కరపత్రం చేతుల పెట్టిన. చదివి, నీ పేరు కాడ ఆగి, మడిచి బల్ల మీద పెట్టింది. "ఇది వేసేముందు ఆయన్ను అడిగినవా?" అన్నది. దోపిడీ గురించి చెప్దామని పోయినోన్ని, కరపత్రం తీసి మళ్ల జేబుల పెట్టుకున్న.

అడుగున ఇంత పోసి, పైసలొద్దు, వాసన చూడు అన్నది. చూసిన. ముందు దవాఖాన. దెబ్బకు పూసే ఎర్రమందు వాసన. తర్వాత గడ్డివాము కాలినంక దాని మీద వాన పడ్డట్టు. బాగ సేపటికి, ఉడకబెట్టిన మక్కబుట్ట పొట్టు తీస్తే వచ్చే ఆవిరి. ఇంతే. దీని కోసమా మనిషి ఖరాబయ్యేది?

గ్లాసు వంగి అంగీ మీద ఒలికింది. బస్సుల పక్కన కూసున్నామె కొంగు ముక్కుకు పెట్టుకొని లేచి పోయింది. నన్ను! ఇంట్ల అమ్మ వాసన చూసి, అంగీ ఇడిపించి బకెట్ల నానేసింది. అది చెంపదెబ్బ కంటె ఎక్కువైంది.

మాత్రలు మింగు.

ఎల్లేష్


శామీర్‌పేట,
మార్చి 15

అల్లుడా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివిన్నో లెక్కలేదు. మక్కబుట్ట ఆవిరి! కొలువుల చేరినోళ్లకు పదేండ్లకు గాని దొరకదు అది. పొగ అందరికి దొరుకుతది. పొగ ఎనక దాసుకున్నది నీకు దొరికింది. నీకు ముక్కున్నది ఎల్లేషు. కోపం జేసుకోకు, ఉన్నదాన్ని లేదంటె పోదు.

ఇంకోసారి చూసేటప్పుడు యాది పెట్టుకో. ముందుగాల వచ్చే వాసన అబద్ధం ఆడుతది, దాన్ని పోనియ్యి. నడుమ నీ అంగీ చేతిని వాసన చూడు. నీ ఒంటి వాసన నీకు తెల్వకుంటనే ముక్కు కడుగుతది. మళ్ల చూడు. మూడోసారి వచ్చిందే నిజం.

ఇషిత బిడ్డ మంచిది. నా మీద దయతోని అట్ల చెప్పింది. నేను తాగిన. కంపెనీల గూడ తాగే తప్పు చేసిన. నువ్వు మంచి పనే చేసినవు, మనసుల ఏం పెట్టుకోకు.

రెండోది సికింద్రాబాద్‌ల పాత బారు. అందుల మస్తు పురానా సీసా ఒకటి ఉన్నదంటరు. నేను ఎన్నడు చూడలే. ఒక్క చుక్క ఈసారి ఉత్తరం కాగితం మూలకు పెట్టి ఆరబెట్టి పంపు. సారు కవర్ల మాత్రలు, పైసలు ఉన్నయా అనే చూస్తడు, మరకలు చూడడు. ఒక్క చుక్కనే. అల్లునివి, కాదనకు.

నీ మామ


మేడ్చల్,
ఏప్రిల్ 2

మామా,

బడి పక్కన వైన్‌షాపు మూసెయ్యాలని దాని ముందల మొన్న నిలబడ్డం, ఆరుగురం. నా కరపత్రాలు చింపి నా మొకం మీదనే కొట్టిండ్రు. "మీ మామ ఆడ, నువ్వు ఈడ, మీ ఇంటోళ్లకు వైన్‌షాపు తప్ప జాగ దొరకదారా?" అని ఒకడంటే రోడ్డు మీద అందరు నవ్విండ్రు.

ఈ కాగితం కింది మూలకు నీ చుక్క ఉన్నది. ఏం వాసనో నువ్వే రాయి. ఇరవై ఆరేండ్ల అనుభవం గదా.

ఎల్లేష్


శామీర్‌పేట,
ఏప్రిల్ 10

నా బంగారు అల్లుడా,

మరక చూడంగనే కాగితం అంగీల దాసుకొని ఉరికిన. బాత్రూంల తలుపేసుకొని చూసిన. అబ్బ! ముందుగాల తేనె. ఇప్పతేనె. దాని కింద పాత చెక్క, మన తాత బండి చక్రాల మీద ఎండపడ్డప్పటి వాసన. ఆఖరుకు నారింజ తొక్క, పొయ్యిల పడేస్తే వచ్చే సన్నపు పొగ. గసొంటిది నా సర్వీసు మొత్తంల చూడలే. మూడుసార్లు చూసిన, మూడుసార్లు అదే.

నీ రుణం తీరేది కాదు.

నీ మామ


మేడ్చల్,
ఏప్రిల్ 14

బాలరాజుకు,

నీ సికింద్రాబాద్ బారు మూతబడి రెండేండ్లాయె. అక్కడ కండ్లద్దాల దుకాణం ఉన్నది. ఎండల నిలబడి, నేను ఒక తాగుబోతు కోసం పట్నమంత తిరుగుతున్ననా అని మండింది. ప్రెస్సుకు వచ్చి, రోలర్లు తుడిచే కిరసనాయిల్‌ల వేలు ముంచి కాగితం మూలకు రుద్దిన. నీ విస్కీ, నా కిరసనాయిల్ ఒక్కటే అని చెప్పనీకి. నువ్వు తిడుతవనుకున్న.

ఇప్పతేనెనా? నారింజ తొక్కనా? అంటె నీ ముక్కు, నీ పనితనం అంత ఒట్టి నాటకం! ఇరవై ఆరేండ్లు కంపెనీని, ఇరవై ఏండ్లు మమ్ముల మోసం చేసినవు. తాగుబోతని ఊకున్న, దొంగవు గూడ.

ఇగ రాయకు.

ఎల్లేష్


శామీర్‌పేట,
ఏప్రిల్ 29

ఎల్లేషు,

రాయొద్దన్నవు. ఈ ఒక్కటి రాస్త.

కవరిచ్చేటప్పుడు జనార్ధన్ సార్ ముక్కు ఎగబీల్చి నవ్విండు. విస్కీ దొరికిందిగని దయతలచి ఇడిసిపెట్టిండు అనుకున్న. కిరసనాయిల్ అని నాకెట్ల తెలుస్తది? నాకు ముక్కు లేదు బిడ్డా.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయింది. అందరికి నెలకో రెండు నెలలకో వచ్చింది. నాకు రాలే. డ్యూటీకి పోయినంక గ్లాసు ముందల పెట్టుకుంటె నీళ్లు పెట్టుకున్నట్టే ఉండె. ఎవ్వలకు చెప్పలే. నా దోస్తు లింగస్వామికి తెలిసింది. రెండేండ్లు పక్కన నిలబడి వాడు వాసన చూసి, సరుకు మంచిగుంటె బల్ల కింద నా కాలు ఒకసారి తొక్కుతుండె, చెడిపోతే రెండుసార్లు. వాడు తల్లి చావుకు పోయిననాడు, సబ్బు వాసన పట్టిన పీపా సరుకును నేను సై అన్న. లారీలు తిరిగొచ్చినయి. పెద్దసారు "ఏమైంది బాలరాజూ?" అని అడిగిండు. తాగొచ్చిన సార్ అన్న. నేనే అన్న. తాగినోడు రేపు మానుతడని అంటరు. ముక్కు పోయినోన్ని ఏమంటరు? లింగస్వామి కొలువు గూడ బతికింది.

బార్లకెందుకు తిరిగినవంటవా? పోనుపోను, మన సరుకు గ్లాసు ముందల పెడితే నాకు వాసన వచ్చినట్టే ఉంటది. అది ముక్కు కాదు, యాది. ఎరిగిన వాసనను మనసే తెచ్చి పెడుతది. జన్మల ఎరుగని వాసన ఒకటి దొరకాలె. అది వస్తెనే ముక్కు వచ్చినట్టు. అందుకే ఎక్కడా దొరకనియి వెతికిన. ఏడు బార్లు తిరిగినా రాలే. నీ కాగితం మీద వచ్చిందనుకున్న. నువ్వు నమ్మవు, నిజంగనే ఇప్పతేనె వచ్చింది నాకు. అంత కావాలెననుకున్న.

ఈ మాట నీ కడుపులనే పెట్టుకో. అక్కకు గూడ చెప్పకు. తాగుబోతు బాలరాజు అనే పేరు నాకు మంచిగనే ఉన్నది, దాన్ని ఉండనియ్యి.

మామ


మేడ్చల్,
మే 10

మామా, మామా,

రేపు పొద్దుగాల వచ్చి సంతకం పెడుత. నీ కాళ్ల మీద పడుత, తన్ను. ఈ ఉత్తరం ఎవ్వరి చేతికి ఇయ్య, నా చేతితోనే నీకిస్త. ఎదురుంగ నిలబడి చెప్పే మొకం నాకు లేదు.

నువ్వు వద్దన్నవు, నేను వారం పైననే కడుపుల పట్టుకున్న. నాతోని కాలే. నా కరపత్రం ఇంకా పాన్‌డబ్బాల గోడలకు ఉన్నది. అబద్ధానికి ఊరంత గోడలుండి, నిజానికి ఒక్క కాగితం లేకపోవుడు అన్యాయం గాదా? ఈ పొద్దు వెయ్యి కాపీలు వేసిన. 'మా మామ బాలరాజు తాగుబోతు కాదు. ముక్కును కోల్పోయిన శ్రామికుడు. తన ముక్కునిచ్చి రెండేండ్లు ఆదుకున్న లింగస్వామి వంటి మిత్రుడు లోకంల ఉన్నడు.' కంపెనీ గేటు కాడ షిఫ్టు మారేటప్పుడు నేనే పంచిన. ఒకాయన చదివి కండ్లు తుడుసుకున్నడు. వత్తులన్నీ సరిచూసిన మామా, ఒక్క తప్పు లేదు.

నిన్ను తలెత్తుకొని నడిపిస్త.

నీ ఎల్లేష్


శామీర్‌పేట దాటినంక,
ఆగస్టు 30

ఎల్లేషు,

ఇల్లు ఇడిసి మూడు నెలలాయె. అక్క పరేషాన్ అయితాందని తెలుసు. బతికే ఉన్ననని చెప్పు. ఫోన్ చెయ్యలే. నీ గొంతు వింటె తిట్టాలెననిపిస్తదో, ఏడ్వాలెననిపిస్తదో తెల్వది.

నువ్వు నన్ను ఇంటికి తోలుకొచ్చిన మూడోనాడు లింగస్వామి వచ్చిండు, యాదికున్నదా? నువ్వు ప్రెస్సుకు పోయినవు. అక్క చాయ్ పోసింది. వాడు చాయ్ తాగి, నీ కరపత్రం జేబుల నుంచి తీసి గ్లాసు కింద పెట్టిండు. "నా పేరు మంచిగ అచ్చుపడ్డది బాలరాజు" అన్నడు. గంతే అన్నడు. వాన్ని తీసేసిండ్రు. ఇద్దరు పిల్లల చదువులు. ఒక్క తిట్టు తిట్టినా నేను ఇంట్లనే ఉందును.

నీ మీద కోపం లేదు. నువ్వు మొదటిసారి అబద్ధం అచ్చేసినవు, నాకు ఏం కాలే. రెండోసారి నిజం అచ్చేసినవు. అంతకంటె చెప్పేది లేదు.

ఇక్కడ కోళ్ల పెంట ఎండబెట్టి ఎరువు బస్తాలు కట్టే షెడ్డు ఉన్నది. పనికొచ్చినోళ్లు రెండు దినాలు ఉంటలేరట. సేటు నన్ను చూసి "ఎన్ని రోజులుంటవు?" అంటె "నువ్వు పొమ్మన్నదాక" అన్న. నవ్విండు. వారమయినంక నవ్వు బందైంది, ఇప్పుడు నాకు దండం పెడుతడు. షెడ్డులనే వండుకుంట, షెడ్డులనే తింట. ఇరవై ఆరేండ్లు ముక్కుతోని బతికిన, ఇప్పుడు ముక్కు లేకపోవుడుతోని బతుకుతున్న.

ఒక్కటే బాధ. మొన్న కీసర పోదామని బస్సెక్కిన. నా పక్కన ఒకామె కూసున్నది, లేచింది. ఇంకొకాయన కూసున్నడు, లేచిండు. బస్సు నిండ జనం, నా పక్కన సీటు ఖాళీ. దిగి నడుసుకుంట వచ్చిన. నాలుగుసార్లు తానం చేసిన. పోయిందో లేదో నాకెట్ల తెలుస్తది?

అందుకే ఇది రాస్తున్న. ఈ కాగితాన్ని నాలుగు దినాలు నా అంగీ జేబుల పెట్టుకొని తిరిగిన. నీకు ముక్కున్నది. నేను చెప్పినట్టు చూడు, మూడుసార్లు. వాసన వస్తే వస్తున్నదని రాయి. ఇగ నేను అక్క ముందటికి రాను, పైసలు మనిషితోని పంపుత. వాసన రాకుంటె పెత్రమాసకు, పెద్దల అమాసనాడు వస్త, మీ బాపు పేరు మీద బియ్యమిచ్చి, అక్క చేతి బువ్వ తిని పోత.

నువ్వు అబద్ధమాడవు. అందుకే నిన్ను అడుగుతున్న.

మామ


మేడ్చల్,
సెప్టెంబర్ 6

మామా,

నీ ఉత్తరం అందింది. పోస్టాయన కవరును రెండు వేళ్లతోని కొసకు పట్టుకొని తెచ్చిండు, వానకు తడిసిందట. బయట అరుగు మీద కూసొని విప్పిన. అమ్మ సంబురం పట్టలేక లోపట దేవుని కాడ ఊదుబత్తులు ముట్టిస్తనే ఉన్నది.

నువ్వు చెప్పినట్టే చూసిన. మొదటిసారి వచ్చింది పోనిచ్చిన. నా అంగీ చేతిని వాసన చూసుకున్న. మళ్ల చూసిన. మళ్ల అంగీ చెయ్యి. మూడోసారి కండ్లు మూసుకొని చూసిన.

ఏం లేదు మామా. ఉత్త కాగితం వాసన. జర ఇంకు.

లింగస్వామి ఇంటికి ఆరుసార్లు పోయిన. తలుపు తీస్తలేడు. పోతనే ఉంట. ప్రెస్సుల కొలువు ఉన్నది గని కరపత్రాలు వేస్తలేను. ఎవ్వరన్న వేయమని వస్తే, పేరున్న కాడ వేలు పెట్టి "వీళ్లను అడిగినవా?" అంటున్న.

పెత్రమాసకు రా. బస్సెక్కకు, నేనే బండి తీస్కొని వస్త. నా ఎనక కూసొని నా భుజం పట్టుకో. అమ్మ నీ కోసం చింతచిగురు ఎండబెట్టి పెట్టింది, మాంసంల వేస్తదట. వాసన సంగతి నేను చెప్త, నువ్వు తిను.

కాగితాన్ని పారెయ్యలే. నా దిండు కింద పెట్టుకున్న.

నీ అల్లుడు
ఎల్లేష్